కూలికి కుదిరిన జిన్ను, రెక్క విరిగిన గంధర్వుడు

చరిత్రలో నిజంగా ఉన్న కాలాన్నీ ఊరినీ ఆధారంగా చేసుకొని, అందులోకి పురాణాలకో జానపద విశ్వాసాలకో చెందిన పాత్రలను ప్రవేశపెట్టే నవలను చారిత్రక ఫాంటసీ అంటారు. ఆ పాత్రలు పుట్టిన నేలను విడిచి పరాయి దేశంలో బతకవలసి వచ్చినప్పుడు కథ వలసజీవుల కథ అవుతుంది కనుక, అటువంటి నవలపై పాఠకులు చెప్పే అభిప్రాయాల్లో రచన గురించిన తీర్పుతో పాటు వలస గురించిన వారి అవగాహన కూడా బయటపడుతుంది. మాయ ఎంత అద్భుతంగా ఉందన్నది ఈ రకపు నవలకు అసలు పరీక్ష కాదు. ఆ మాయాజీవి కొత్త ఊళ్లో ఏ పని చేసి బతికింది, ఎవరి పంచన చేరింది, ఏ రహస్యాన్ని దాచుకుంది అన్నవే దాని విలువను తేల్చే ప్రశ్నలు.

ఇందుకు మంచి ఉదాహరణ అమెరికన్ రచయిత్రి హెలెన్ వెకర్ 2013లో వెలువరించిన తొలి నవల ‘ది గోలెమ్ అండ్ ది జిన్నీ’. గోలెమ్ అంటే యూదుల గాథల్లో మంత్రబలంతో ప్రాణం పోసుకుని యజమాని ఆజ్ఞకు కట్టుబడి ఉండే మట్టిమనిషి. జిన్ను అంటే అరబ్బుల విశ్వాసంలో పొగలేని అగ్ని నుంచి పుట్టిన జాతికి చెందిన జీవి. కథ 1899లో న్యూయార్క్‌లో జరుగుతుంది. భార్యగా ఉండేందుకు తనను చేయించుకున్న మనిషి ఓడలోనే చనిపోవడంతో, ఆజ్ఞాపించేవారు లేకుండా ఆ నగరానికి చేరిన మట్టిస్త్రీని ఒక వృద్ధ యూదు మతగురువు చేరదీసి, చావా అని పేరు పెడతాడు. ఆ తర్వాత ఆమె ఒక రొట్టెల బేకరీలో పనికి కుదురుతుంది. లిటిల్ సిరియా అని పిలిచే అరబ్బుల పేటలో లోహపు సామాన్లు బాగుచేసే ఆర్బీలీ ఒక పాత రాగికూజాకు మరమ్మతు చేస్తుండగా, వెయ్యేళ్ల కిందట బందీ అయిన జిన్ను అందులోంచి మనిషి రూపంలో బయటపడతాడు. అతని మణికట్టుకున్న ఇనుప కడియం ఊడదు, ఆ కడియం ఉన్నంతకాలం మనిషి రూపం వదలదు. చేతివేడితోనే లోహాన్ని వంచగల ఆ అగ్నిజీవి అహ్మద్ అనే పేరుతో ఆర్బీలీ దగ్గర పనివాడిగా ఉండిపోవలసి వస్తుంది.

ఈ నవలకు 2014లో మిథోపోయిక్ పురస్కారం లభించినప్పటికీ పాఠకుల మాట ఒక్కటిగా లేదు. కథ మెల్లగా నడుస్తుందనీ, ప్రధాన పాత్రలు రెండూ ఎదురుపడడానికే చాలా పేజీలు పడతాయనీ, చివరికి ముడులన్నీ మరీ చక్కగా విడిపోతాయనీ కొందరు అసంతృప్తి చెందుతారు. ఆ నిదానమే నవలకు ప్రాణమనీ, పేటలూ పనులూ చిన్నపాత్రలూ కళ్లకు కట్టడానికి అదే కారణమనీ మరికొందరు మెచ్చుకుంటారు. సిరియాలో వైద్యుడిగా పేరున్న సాలెహ్ అనే పాత్ర ఒక దుష్టశక్తి సోకినందువల్ల మనుషుల ముఖాలు చూడలేని స్థితికి చేరి, న్యూయార్క్ వీధుల్లో ఐస్‌క్రీం అమ్ముకుంటూ బతుకుతుంది. చదువుకూ హోదాకూ తగిన పని దొరకక చేతికందిన పనితో సరిపెట్టుకున్న వలసదారులు ఏ దేశంలోనైనా ఉంటారు కనుక, ఆ పాత్ర దగ్గర ఆగిన పాఠకుడికి నవల నెమ్మది లోపంగా తోచదు.

తెలుగు పాఠకులకు ఈ రకమైన కల్పన కొత్తది కాదు. విశ్వనాథ సత్యనారాయణ రాసిన ‘హాహాహూహూ’ అనే చిన్న నవలలో, గుర్రపు తల గల గంధర్వుడు రెక్క దెబ్బతిని లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. అతడు జంతువో మనిషో తేల్చుకోలేని ఆ నగరం అతన్ని బోనులో పెడుతుంది. సంస్కృతం మాట్లాడే ఆ గంధర్వుడికీ పాశ్చాత్య విజ్ఞానానికీ మధ్య నడిచే వాదమే కథకు బలం. దీనిని వలస పాలకుల జ్ఞానగర్వంపై ఎక్కుపెట్టిన వ్యంగ్యంగా చదివేవారున్నారు, ప్రాచీనతను అతిగా కీర్తించే రచనగా చదివేవారూ ఉన్నారు. వెల్చేరు నారాయణరావు చేసిన ఆంగ్లానువాదం 2018లో వెలువడిన తర్వాత ఆ చర్చ తెలుగేతర పాఠకులకూ అందుబాటులోకి వచ్చింది. రెండు నవలలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. విశ్వనాథ గంధర్వుడు తన స్వభావాన్ని దాచుకోడు, పనికి కుదరడు, పరాయి నగరాన్నే నిలదీస్తాడు; వెకర్ పాత్రలు మాత్రం పొద్దున్నే పనికి వెళ్లాలి, అద్దె గదిలో అనుమానం రాకుండా మసలుకోవాలి, పక్కవారిలా కనబడాలి. మొదటిది అధీనంలో ఉన్న దేశపు మేధావి చేసిన వాదమైతే, రెండవది బతుకుతెరువు కోసం సముద్రం దాటినవారి అనుభవం.

తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతపు పాఠకుడికి ఈ రెండో రకం కథ ఎక్కువ చేరువగా తోచడానికి చారిత్రక కారణాలున్నాయి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు బీదర్ జిల్లాలో భాగంగా ఉండిన ఈ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ భాషలు కలిసి వినిపిస్తాయి; గంధర్వుడి కథా జిన్నాతుల కథా ఒకే వీధిలో చెప్పుకోగల చోటు ఇది. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న బీదర్, పదిహేనో శతాబ్దంలో బహమనీ సుల్తానుల రాజధానిగా ఉన్నప్పుడు, ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాల నుంచి వచ్చిన వ్యాపారులూ సైనికులూ పండితులూ అక్కడ స్థిరపడ్డారు. కొత్తగా వచ్చిన వీరిని ఆఫాకీలనీ, అంతకుముందే ఈ నేలలో పాతుకుపోయినవారిని దక్కనీలనీ పిలిచేవారు. ఈ రెండు వర్గాల పోరు ఆ రాజ్యాన్ని లోపలి నుంచి బలహీనపరిచింది. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చి ప్రధానమంత్రి స్థాయికి ఎదిగిన మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో గొప్ప మదరసా కట్టించాడు, కానీ శత్రువులు సృష్టించిన దొంగ ఉత్తరం కారణంగా 1481లో మరణశిక్షకు గురయ్యాడు. ఎంత ఎత్తుకు ఎదిగినా పరాయివాడన్న ముద్ర చెరగకపోవడం వెకర్ నవలలో కల్పన అయితే, ఈ నేలపై అది నిజంగా జరిగిన చరిత్ర.

కనుక ఇటువంటి నవలను చదివినవారు వేగం గురించీ ముగింపు గురించీ తీర్పు చెప్పడంతో ఆగకుండా, అందులోని వలసజీవికి రచయిత కూలినీ గూడునూ భయాన్నీ ఎంత నిజాయితీగా ఇచ్చారో కూడా అడగాలి. విశ్వనాథ గంధర్వుడిని లండన్‌కు పంపి ఒక దారి వేశారు. దక్కన్‌కు వలస వచ్చినవారితో పాటు వారి గాథల్లోని జీవులు కూడా బీదర్ దారిన ఈ ఊళ్లకు చేరితే ఎలా బతికేవో చెప్పే తెలుగు నవలకు కావలసిన చరిత్ర, భాషలు, కథలు జహీరాబాద్ చుట్టూ సిద్ధంగా ఉన్నాయి, ఆ నవలను రాసే బాధ్యత ఇక్కడి కొత్త రచయితలది.