బరిలో ఏ జత గెలుచును?

విరాటుని కొలువున తలదాచుకొన్న కాలమున నకులుడు గుఱ్ఱపుసాలలోను, సహదేవుడు ఆలమందలోను పనికి కుదిరిరి. జంతువును చూచి దాని బలాబలములు నిర్ణయింపగల నేర్పు ఆ తమ్ములిరువురకును కలదు. ఆ నేర్పులో గుఱ్ఱపు భాగమును సీమవారు పట్టుకొని పత్రికలకొక నిత్యవిధిగా చేసికొనిరి. పందెపు దినమున ఏ గుఱ్ఱము ముందు వచ్చునో, దేనిని నమ్మరాదో చెప్పు పంక్తులు లేకున్న అచటి పాఠకునకు పత్రిక రుచింపదు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్టణమున కొట్టు పెట్టిరి. వారి భాష, వారి కోర్టులు, వారి క్రికెట్టు మన రేగడిలో వేళ్లు పాతుకొన్నవి కాని, వారి గుఱ్ఱపు దుముకుడు పందెములు మాత్రము నాటుకొనలేదు. కృష్ణాతీరమునకు సహదేవుని పాలే దక్కినది. ఇచట కంచెలు దుముకు గుఱ్ఱములు లేవు. బండ లాగు ఎడ్లు కలవు.

సంక్రాంతి మొదలు శివరాత్రి దాటువఱకును గుడివాడ వంటి పట్టణములందును, తిరునాళ్లు జరుగు పల్లెలందును బండలాగుడు పోటీలకు జనము కూడుచుందురు. ఘంటసాలనుండియో చల్లపల్లినుండియో మంచులో బయలుదేరు రైతును దారిలో ఎదురైనవాడు అడుగు ప్రశ్న యొక్కటే: "ఏ జత కొట్టును?" సమాధానముగా యజమాని పేరు వచ్చును, ఊరి పేరు వచ్చును, గతేడు తెచ్చుకొన్న బహుమానము వచ్చును. ఎద్దును గూర్చిన మాట యొక్కటియు రాదు. మేమును ఇచట ఏ జత పేరును చెప్పబోము. బరికడకు పోవువాడు తన జోస్యము తానే చెప్పుకొనుటకు వలయు సరంజామాను మాత్రము ముందుంచెదము.

పోటీ స్వరూపము ఎఱుగని పట్టణవాసులకు రెండు మాటలు. నిర్ణీతమైన బరువుగల రాతిబండను కాడికి కట్టుదురు. విభాగమును బట్టి పది, పదునైదు, ఇరువది నిమిషములు గడువు. బరి చివరకు పోయి, ఎడ్లను త్రిప్పుకొని, మరల లాగింపవలెను. గడువు ముగియునప్పటికి నడచిన దూరమును అడుగులలో కొలిచి, ఎక్కువ దూరము లాగిన జతకు మొదటి బహుమానమిత్తురు. జతలన్నియు ఒక్కమారు దిగవు. చీటీలలో వచ్చిన వరుసను ఒకదాని వెనుక నొకటి దిగును.

ఈ కడపటి మాటయే దీనిని గుఱ్ఱపు పందెమునుండి వేఱుచేయుచున్నది. దుముకుడు పందెము 1752లో ఐర్లండున ఒక చర్చి గోపురమునుండి మఱియొక గోపురమువఱకు పొలములకడ్డముగా పరుగెత్తుటతో ఆరంభమైనదని చెప్పుదురు. నేడు ఇంగ్లండున లివర్పూలు చెంత జరుగు గ్రాండ్ నేషనల్ పందెమున గుఱ్ఱములు నాలుగు మైళ్లకు పైగా పరుగెత్తి 30 అడ్డంకులను దాటవలెను. పూర్వము 40 గుఱ్ఱములను విడిచెడివారు. 2024 నుండి 34కు తగ్గించిరి. పైగా మేలైన గుఱ్ఱమునకు ఎక్కువ బరువును, తక్కువదానికి తక్కువ బరువును వీపున కెత్తి అన్నింటిని సరిచేయుదురు. జోస్యునకు తలవంపులు తెచ్చుటకే ఏర్పఱచినట్లున్న పందెమది. 1967లో ముందున్న గుఱ్ఱములు ఒక కంచెకడ ఒకదానికొకటి అడ్డుపడి చెల్లాచెదరు కాగా, ఎవరును లెక్కపెట్టని ఫోయినావన్ వెనుకనుండి తీరికగా వచ్చి కంచె దాటి గెలిచినది. దానిపై ఒక రూపాయి ఒడ్డినవానికి నూఱు రూపాయలు! మన బరిలో అట్టి సాకు లేదు. ముందు పడువారు లేరు, అడ్డువచ్చువారు లేరు. ఒక విభాగములోని జతలన్నింటికి బండ యొక్కటే. కనుక ఇచట తప్పుచెప్పినవాడు అదృష్టమును నిందింపరాదు. చూపు చాలలేదని అర్థము.

మొదట నేలను చూడవలెను. ఎద్దును చూచుటకు ముందే చూడవలెను. ఈ డెల్టాలో పుష్యమాసమునకు వరి కోసిన మళ్లలో మినుము మొలచియుండును. పైన ఆఱినట్లు కనబడు నేల అడుగున తడి గలిగియుండును. అట్టి నేలను చదును చేసి, మట్టి పోసి బరి వేసినచో, ఉదయమున మంచుకు అది జిగురుపట్టియుండును, మధ్యాహ్నమునకు బిగియును. శివరాత్రి నాటికి నల్లరేగడి ఎండి నెఱ్ఱెలు వాఱును. అప్పటి బరి వేఱు. ఒంగోలు, పల్నాడు, నల్లగొండ వైపులనుండి వచ్చు జతలలో ఎన్నియో ఎఱ్ఱనేలపైనను గరపనేలపైనను సాధన చేసినవి. వాని గిట్టకు దిగబడు నేల క్రొత్త. మెట్టలో మేటియైన జత మా పల్లపు బరిలో తడబడిన, ఎద్దు చెడినదని ఎంచరాదు; నేల మాఱినది.

తరువాత చీటీ. తొలి చీటీ వచ్చిన జత ఎవరును త్రొక్కని నేలపై లాగును, ఆ పిమ్మట వచ్చునవి బండ రాచి నునుపుచేసిన చాలుపైననో, గిట్టలు చిమ్మి గుల్లచేసిన నేలపైననో లాగును. తడి బరిలో ఆలస్యముగా దిగుట మేలు. పొడి బరిలో ఎండ ముదురకముందు దిగుట మేలు. మఱియొక సంగతి. వెనుక దిగువానికి దాటవలసిన దూరమెంతయో ముందే తెలిసియుండును. నిదానము గల తోలరికి ఇది వరము. ఆత్రగానికి ఇదే శాపము.

ఇక ఎద్దు. దానిని బరిలో కాదు, చెట్టు క్రింద గుంజకు కట్టియున్నప్పుడు చూడుడు. ధ్వనివర్ధకములు హోరెత్తుచుండగా కన్నులు అరమోడ్చి నెమరు వేయుచున్న జత కనబడెనా, గుర్తుపెట్టుకొనుడు. బెదరిన పశువు నెమరు వేయదు, ఒంట్లో బాగులేనిది అసలే వేయదు. తెలకపిండి, ఉలవలు ఎన్ని వీసెలు పెట్టెనో యజమాని చెప్పుకొనవచ్చును. తిన్నది ఒంటబట్టెనా లేదా అనుటకు సాక్ష్యము దవడ చెప్పును. నీళ్లకు నడపించుకొని పోవునప్పుడు వెనుకగా పోయి తడినేలపై గిట్టముద్రలు చూడుడు. ముందుకాలు తీసిన గుంటలోనే వెనుకకాలు పడుచున్న నడకలో నొప్పి లేదు. వెనుకకాలు వెనుకబడి గాని ప్రక్కకు గాని పడుచున్నచో తుంటిలోనో గిట్టలోనో ఏదియో దాగియున్నది. మెడపై కాడి ఆను చోట వెండ్రుకలు ఊడి పచ్చిగా ఉన్నచో, ఆ జత పేరెంత పెద్దదైనను విడిచిపెట్టుడు.

మూపురపు ఎత్తు, గంగడోలు సోయగము, పొట్టికొమ్ముల అందము ఇవన్నియు జాతిలక్షణములే. ప్రదర్శనలో బహుమతికి పనికివచ్చును. లాగుటకు వలసినది లోతైన ఱొమ్ము, నిలువైన కాళ్లు, అన్నింటికంటె మిన్నగా సరిజోడు. వలపటెద్దు ఎంత గట్టిదైనను దాపటెద్దు అడుగు పొట్టిదైనచో కాడి వంకరపడును, బండ ప్రక్కకు ఈడ్చుకొనును. ఒంటరిగా రెండవ తరగతివైన రెండెడ్లు ఒక్క అడుగుగా నడచి, మేటి గిత్తను కుంటిజోడుతో కట్టిన జతను ఓడించును. సంబంధములు కుదుర్చువారి కిది క్రొత్త సంగతి కాదు.

విభాగములు పండ్లను బట్టి యుండును. మొదటి రెండు శాశ్వతదంతములు సుమారు రెండు, రెండున్నర ఏండ్లకు వచ్చును. నాలుగు పండ్లు మూడేండ్ల ప్రాంతమున, ఆఱు పండ్లు మూడున్నర నాలుగేండ్ల నడుమ. రెండు పండ్ల గిత్తలపై జోస్యము చెప్పువాడు సాహసి. వాని బలము కంటె బెదురు ఎక్కువ. ఈలకు చెవులు రిక్కించి ప్రక్కకు గుంజు గిత్త ఎంత కండపుష్టి గలదైనను నమ్మదగదు. నాలుగు, ఆఱు పండ్లలో సరిజోడును నమ్మవచ్చును. ముదిరిన ఎడ్ల విభాగమున గడువు దీర్ఘము గనుక తోలరిని చూడవలెను.

ఏలయన బండలాగుడు వేగపు పోటీ కాదు. ఆగిన బండను కదలించుటకు పట్టు బలము, కదలుచున్న బండను కదలుచుండనిచ్చుటకు పట్టదు. కావున ఆగని జత గెలుచును. ఒక జత మొదటి ఐదు నిమిషములలో 1,200 అడుగులు దుమికి, తరువాతి ఐదింటిలో 800, ఆపైన 500 లాగినదనుకొందము. మఱియొకటి ఐదేసి నిమిషములకు 900 చొప్పున తప్పక లాగినది. జనము ఈలవేసినది మొదటిదానికి, గెలిచినది రెండవది. ప్రతి త్రిప్పునకును పట్టిన కాలమును గడియారముతో చూచువాడు సగము గడువులోనే ఫలితము చెప్పగలడు. నోరు తెఱచి, నాలుక వ్రేలవేసి రొప్పు ఎద్దును చూచినపుడు గడియారము కూడ అక్కఱలేదు.

ఇచట మా అసలైన జోస్యము. కఱ్ఱ లేచిన జత ఓడినదనుకొనుడు. దెబ్బపడిన ఎద్దు ఎగిరిపడును, దాని జోడు ఎగురదు. అడుగు తప్పును, బండ ఆగును, ఆగిన బండను మరల పెల్లగింపవలెను. దానికి మఱియొక దెబ్బ. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద 1965లో ఏర్పడిన నియమములు ముల్లుగల కఱ్ఱను వాడరాదనుచున్నవి. ఎండ 37 డిగ్రీలు దాటు తావులలో పగలు పండ్రెండు మొదలు మూడు గంటలవఱకు పశువుచేత పని చేయింపరాదనుచున్నవి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను దేశమంతట కూడదన్నది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు తెచ్చుకొన్న సవరణ చట్టములను నిలబెట్టినది. మన నిర్వాహకులు బహుమానముల పట్టికతోపాటు ఈ తీర్పులను కూడ దగ్గఱ నుంచుకొందురు గాక. న్యాయస్థానము రైతు వేడుకకు అడ్డువచ్చినదని వాపోవువారు ఎద్దు తోకను మెలిపెట్టువానిని బరినుండి వెడలగొట్టిన సందర్భము మాకు చూపవలెను.

పై పందెముల మాట విడిచిపెట్టరాదు. గుఱ్ఱపు పందెము జూదము కాదనియు, నేర్పుతో కూడినదనియు సుప్రీంకోర్టు 1996లో చెప్పిన తీర్పును బరిగట్టున కొందఱు వల్లించుచుందురు. అది గుఱ్ఱపు పందెములకు చెప్పినది. మఱి నేర్పుగలవాడెవడు? ఎద్దు పండ్లు లెక్కింప నేరక, కారులో కూర్చుండి లక్షలు ఒడ్డువాడా? వాని సొమ్మే తోలరి చేతిలో కఱ్ఱగా మాఱుచున్నది. ఒడ్డినవాడు అరచును, అరపునకు తోలరి జడియును, దెబ్బ ఎద్దుకు తగులును.

ఇది చిన్న విషయము కాదు. ఈ ఒంగోలు జాతి సముద్రములు దాటి బ్రెజిలులో నెలూరను పేరున విస్తరించినది. 2002లో హైదరాబాదున జరిగిన జాతీయ క్రీడలకు ఒంగోలు గిత్తయే చిహ్నమైనది. పుట్టినింట మాత్రము దుక్కిని ట్రాక్టరు పుచ్చుకొన్నది, బండిని లారీ పుచ్చుకొన్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలకొలది మనుష్యులతోపాటు లెక్కకందని పశువులను ఊడ్చుకొనిపోయినది. ఆ పిమ్మట ఎన్నో కొట్టములు మరల నిండలేదు. ఇప్పుడు లక్షలు పోసి జతను కొని మేపువాడు చాలవఱకు పోటీకొఱకే మేపుచున్నాడు. పోటీ చెడిన జత చెడును. కనుకనే బరిని నేర్పుగలవారు చూడవలెనని మా కోరిక.

ఫలితము ప్రకటించిన పిమ్మట జనమంతయు గెలిచిన జతకు దండలు వేయుటకు వేదికకడకు పోవును. మీరు మాత్రము రెండవ బహుమానము వచ్చిన జతను కట్టిన గుంజకడకు పొండు. ఊపిరి కుదుటపడి, చొప్ప విదిలింపగానే మూతి పెట్టినదా, లేక తల వ్రేలవేసి నిలిచినదా చూడుడు. మూతి పెట్టినచో, శివరాత్రి బరికి ఆ జతను వ్రాసిపెట్టుకొనుడు.