ఉప్పు తిన్న ఇల్లు విడిస్తే తప్పా?

మోతె సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే దారిలో ఉంది. ఇక్కడి ఆడవాళ్ళు నాట్లకు పోతారు, కలుపుకు పోతారు. కొందరు పెద్దిండ్లల్లో వాకిలి ఊడ్చి, బాసాండ్లు తోముతారు. ఏండ్ల తరబడి ఒకే ఇంట్లో చేసేవాళ్ళూ ఉన్నారు.

అట్లాంటి ఒక అక్కకు వేరే పని దొరికిందనుకుందాం. సూర్యాపేటలో హాస్టలు వంట పని. నెల జీతం ఎక్కువ. పోవాలని ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టదు. "అమ్మ ఏమనుకుంటదో? బిడ్డ పెండ్లికి చీర పెట్టింది. జరమొస్తే గోలీలు తెచ్చిచ్చింది. ఉప్పు తిన్న ఇల్లాయె" అని మనసు పీకుతుంది.

ఈ బాధను చూసి నవ్వకూడదు. మేలు మరువకపోవడం మంచి గుణమే. అయితే ఈ బాధలో కొంత మాత్రమే మంచితనం. మిగతాది పాత భయం. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

నైజాం కాలంలో నల్లగొండ జిల్లా ఊళ్ళల్లో వెట్టి ఉండేది. అప్పుడు మోతె కూడా ఆ జిల్లాలోదే. దొర పిలిస్తే పోవాలి. కుమ్మరి కుండలియ్యాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టియ్యాలి. కూలి లేదు. ఇంకోటి జీతం. పెండ్లికో, చావుకో అప్పు తెచ్చినవాడు ఆ అప్పు కింద పటేలు ఇంట్లో జీతం ఉండేవాడు. వడ్డీ పెరిగేది, అప్పు తీరేది కాదు. తండ్రి తర్వాత కొడుకు జీతం ఉండాలి. కాగితం పటేలు పెట్టెలో ఉండేది. అందులో ఏముందో వేలిముద్ర వేసినవానికి తెలియదు. విడిచిపోతానంటే "తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నవా?" అనేవారు. ఆ మాట దెబ్బకన్నా గట్టిగా తగిలేది. మనిషిని కట్టేయడానికి తాడు అక్కర్లేకపోయేది.

ఆంధ్ర మహాసభ వెట్టి మీద జనాన్ని కూడగట్టింది. ఊళ్ళల్లో దాన్ని 'సంగం' అన్నారు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషులు కాల్చితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ పోరాటం 1951 దాకా నడిచింది. సంగం బలంగా ఉన్న ఊళ్ళల్లో వెట్టి ఆగింది. కానీ అప్పు కింద జీతం ఉండడం అంత తొందరగా పోలేదు.

1950లో వచ్చిన రాజ్యాంగం వెట్టి చేయించడం నేరమని చెప్పింది. తర్వాత 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. అది 1975 అక్టోబరు 25 నుంచే అమలైంది. వెట్టి కింద ఉన్న అప్పులన్నీ ఆ చట్టంతో రద్దయ్యాయి. మళ్ళీ అడిగితే, అడిగినవారిదే నేరం. వెట్టి చేయించినవారికి మూడేండ్ల దాకా జైలు, రెండు వేల దాకా జుర్మానా పడవచ్చు. కొడితేనే వెట్టి అని కాదు. "బాకీ తీరేదాకా ఇంకో చోటికి పోరాదు" అని ఆపినా వెట్టే. ఆకలికి తట్టుకోలేక సర్కారు పెట్టిన కనీస కూలికన్నా తక్కువకు చేస్తే, అది కూడా బలవంతపు చాకిరే అని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆపితే తహసీల్దారుకు గాని, ఆర్డీవోకు గాని, కలెక్టరుకు గాని దరఖాస్తు పెట్టవచ్చు.

మరి చేబదులు తెచ్చుకున్న మామూలు అప్పు? అది తీర్చవలసిందే. కానీ బాకీ లెక్క వేరు, పని లెక్క వేరు. కొత్త పని చేసుకుంటూ నెల నెలా కట్టవచ్చు.

ఇప్పుడు ఉప్పు లెక్క చూద్దాం. ఆ అక్క రోజుకు రెండు గంటలు చేసింది. ఏడాదికి 360 రోజులంటే 720 గంటలు. పదేండ్లకు 7,200 గంటలు. ఇంత పనికి నెల నెలా ఇచ్చింది ఎంత? చీర ఒకటి, గోలీలు కొన్ని. ఒక కాగితం మీద రెండు వరుసలు గీసి రాసుకుంటే ఎవరి ఉప్పు ఎవరు తిన్నారో తెలుస్తుంది. ఆ ఇంటామె మనసు మంచిదే కావచ్చు. ఆ మంచితనానికి దండం పెట్టవచ్చు. దాని కోసం బతుకంతా రాసియ్యనక్కర లేదు.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పనులు మొదలయ్యాయి. మొదటి విడతలోనే నల్లగొండ జిల్లా ఉంది. అందులో ఆడవారికీ మగవారికీ ఒకటే కూలి. ఒకే ఇంటి దిక్కు చూసే ఆడవాళ్ళకు ఇంకో దారి దొరికింది. కూలోళ్ళు దొరకడం లేదని రైతులు గొణిగారు. గొణిగినా, తర్వాత కూలి పెంచక తప్పలేదు.

తప్పు అనదగినది కూడా ఒకటుంది. బయానా తీసుకొని, నాటు సగంలో వదిలి ఇంకో మడికి పోతే ఆ రైతు మునుగుతాడు. ఒప్పుకున్న పని ముగించే పోవాలి. ఇంటి పనైతే నెల ముందు చెప్పాలి. "ఒంట్లో బాగ లేదు" అని అబద్ధం చెప్పి, తెల్లారి బస్సెక్కుతూ కనబడితే మాట పడాల్సి వస్తుంది. "అమ్మా, సూర్యాపేటల పని దొరికింది. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి రాను" అంటే చాలు. కారణాలు పది చెప్పనక్కర లేదు. ఆమె కోపం చేస్తే చేయనీ. ఆ కోపంలో సగం రేపటి బాసాండ్లు ఎవరు తోముతారన్న రంధి. ఇంకొకామెను చూసిపెడితే అదీ తగ్గుతుంది.

పోయే ముందు లెక్క తేల్చుకోవాలి. రావలసిన జీతం ఎంత, కట్టవలసిన బాకీ ఎంత, తారీకు ఏది? ఇద్దరూ సంతకాలు పెట్టాలి. చదవకుండా పెట్టకూడదు. పక్కన ఒక సాక్షి ఉంటే మేలు. కాగితం రెండు ప్రతులు రాసి, ఒకటి తన ట్రంకు పెట్టెలో దాచుకోవాలి.