చాటవలసినది – దాచవలసినది

పాలన ప్రజల కళ్ళ ఎదుట జరగాలి. ప్రజల గుట్టు పాలకుల వద్ద భద్రంగా ఉండాలి. పైకి విరుద్ధములుగా తోచినా ఈ రెండు ధర్మాలకూ మూలం ఒక్కటే: నమ్మకం.

పూర్వం సర్కారు మాట దండోరాతోనో, కచేరీ గోడమీది నోటీసుతోనో ఊరికి తెలిసేది. నేడు ఫేస్‌బుక్, వాట్సాప్‌ల ద్వారా క్షణాలలో చేరుతున్నది. ఈ మార్పును గుర్తించియే కేంద్ర ప్రభుత్వం 2012లో తన సంస్థలకు సామాజిక మాధ్యమాల వినియోగంపై మార్గదర్శక సూత్రాలను వెలువరించింది.

మన కొల్లూరునే చూద్దాం. ఇక్కడ పేదలకై నిర్మించిన 15,660 రెండు పడకగదుల ఇండ్ల సముదాయం 2023 జూన్‌లో ప్రారంభమైంది. ఇల్లు ఎవరికి, ఏ పద్ధతిన దక్కినదో తెలుసుకొనగోరుట న్యాయమే. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడుగకముందే ప్రకటించవలెనని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షను చెప్పుచున్నది. ఆధార్ సంఖ్యను బహిరంగపరచరాదని 2016 నాటి ఆధార్ చట్టం శాసిస్తున్నది. ఒకే జాబితాలో పేరు చాటవలసినది, సంఖ్య దాచవలసినది.

ఈ గీత చెరిగితే ఏమగును? 2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1,30,000కు పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులమత వివరాలతో సహా బయటపడినవి. తాళం పగులగొట్టినవారెవరూ లేరు, తలుపే తెరచియున్నది. ఇంటికై దరఖాస్తు పెట్టిన పేదవాని కులమతాలు ఊరందరికీ ఎందుకు? అట్టి పట్టిక దుర్మార్గుని చేతబడితే కలుగు హాని చెప్పనలవి కాదు.

దొంగతనపు ముప్పు వేరొకటి. పౌరులు ఫిర్యాదులను, నేర సమాచారాన్ని పంపుటకు తెలంగాణ పోలీసులు నడుపు ‘హాక్ ఐ’ యాప్‌లోని వివరాలను అపహరించి అమ్మజూపిన వ్యక్తి 2024లో పట్టుబడినాడు. చెప్పుకొన్న మాట బజారున పడునను భయం పుడితే ఆపదలోని స్త్రీ సైతం నోరు విప్పదు. భద్రత లోపించినచోట సహకారమూ నశిస్తుంది.

నివారణ మార్గాలు కఠినమైనవి కావు. ప్రకటనను విడుదలకు ముందు వేరొక అధికారి పరిశీలించాలి. గుర్తింపు సంఖ్యలను తొలగించాలి. లబ్ధిదారుల కాగితాలను సొంత ఫోన్లలోని వాట్సాప్ గ్రూపులలో తిప్పరాదు. బదిలీ అయిన ఉద్యోగికి పాత గ్రూపులలో, ఖాతాలలో ప్రవేశం ఉండరాదు. సమాచార చౌర్యం జరిగినట్లు తెలిసిన 6 గంటలలో జాతీయ సైబర్ భద్రతా సంస్థ ‘సెర్ట్-ఇన్’కు తెలుపవలెనని 2022 నుండి నిబంధన ఉన్నది.

మన విద్యార్థులలో పలువురు రేపు ప్రభుత్వోద్యోగులు కాగలరు. పేదవాడు కార్యాలయంలో ఇచ్చిపోయే కాగితం అమానతు వంటిది. ప్రభుత్వం తన పనిని ఎంత చాటినా మంచిదే. ఆ అమానతును చాటే అధికారం దానికి లేదు.