లినక్స్ కంప్యూటర్‌లో రెండో మానిటర్ కనబడని సమస్య: కారణనిర్ధారణ క్రమం – పాలమూరు పాఠపరిశోధకుల అవసరాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
తాళపత్రాల ఛాయాచిత్రాలను, పాత ముద్రణలను ఒక తెరపై ఉంచుకొని మరొక తెరపై పాఠాన్ని టైపు చేసుకోవడం సాహిత్యపరిశోధనలో ఉపయుక్తమైన పద్ధతి. అయితే లినక్స్ కంప్యూటర్‌కు జోడించిన రెండో మానిటర్ ఒక్కోసారి గుర్తింపునకు రాదు. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుండి ఇన్‌స్టాల్ చేయడమే మార్గమని భావించడం కద్దు. మానిటర్ తన గురించి పంపే సమాచారం ఏ దశలో ఆగిపోయిందో ముందుగా తెలుసుకుంటే, సాధారణంగా ఆ అవసరం రాదని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, రెండో మానిటర్, ఈడీఐడీ, కెర్నల్, గ్రాఫిక్స్ డ్రైవర్, వేలాండ్, పాఠపరిష్కరణ, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్.

1. ఉపోద్ఘాతం:
2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు వర్ధిల్లిన ప్రాంతమిది. పండితపోషణ వల్ల గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే ప్రసిద్ధి కలిగింది. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయం’ రచించాడు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ద్వారా 354 మంది కవులను లోకానికి పరిచయం చేశాడు. ఆ సంచికలోని కవుల జాడ వెదకినా, సంస్థానకవుల కావ్యాలను పరిష్కరించినా పరిశోధకుడు మూలప్రతిని, తాను రాసుకుంటున్న ప్రతిని పక్కపక్కన ఉంచి చూడవలసిందే.

ఒకే తెరపై కిటికీలు మార్చుకుంటూ పోల్చినప్పుడు చూపు తప్పి, ఒకే విధంగా మొదలయ్యే రెండు పాదాలలో ఒకటి జారిపోయే ప్రమాదం ఉంది. పూర్వం లేఖకుల చేతిలో జరిగిన పొరపాటే కంప్యూటర్ ముందూ జరుగుతుంది. ఆ కారణంగా, మూలన ఉన్న పాత మానిటర్ అయినా రెండో తెరగా విలువైనదే. అది కనబడనప్పుడు తొందరపడి సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ ‘హోమ్’ విభాగాన్ని ఫార్మాట్ చేస్తే, ఏళ్ల తరబడి సేకరించిన పాఠాంతరాలు, ఫాంట్లు, కీబోర్డు అమరికలు పోతాయి. కాబట్టి కారణనిర్ధారణ ముందు, చికిత్స తరువాత.

2. గుర్తింపు జరిగే విధానం:
హెచ్‌డీఎంఐ కేబుల్‌ను తగిలించగానే కంప్యూటర్ 18వ పిన్ ద్వారా 5 వోల్టుల విద్యుత్తును మానిటర్‌కు అందిస్తుంది. మానిటర్ 19వ పిన్ ద్వారా ‘నేనున్నాను’ అనే సంకేతాన్ని తిరిగి పంపుతుంది. అనంతరం 15, 16 పిన్‌ల మార్గంలో గ్రాఫిక్స్ డ్రైవర్ మానిటర్ పరిచయపత్రాన్ని చదువుతుంది. ఈ పరిచయపత్రమే ఈడీఐడీ. దీని మూలఖండం 128 బైట్లు. మొదటి 8 బైట్లు స్థిరమైనవి. తయారీదారు గుర్తు, తెర కొలతలు, చూపగల రిజల్యూషన్లు తరువాత ఉంటాయి. మొత్తం బైట్ల కూడికను 256తో భాగిస్తే శేషం సున్నా వచ్చేలా చివరి బైటు అమరి ఉంటుంది. ఈ లెక్క తప్పితే పరిచయపత్రం చెడిందని కెర్నల్ గ్రహిస్తుంది.

అంటే సమాచారం నాలుగు మెట్లు ఎక్కాలి: కేబుల్–పోర్టు, గ్రాఫిక్స్ డ్రైవర్, కెర్నల్, డెస్క్‌టాప్. ‘మానిటర్ కనబడలేదు’ అనే ఒకే ఫిర్యాదు వెనుక నాలుగు వేర్వేరు లోపాలు ఉండవచ్చు.

3. మొదటి ప్రశ్న – కెర్నల్‌కు తెలుసా?
పరీక్షను మధ్య మెట్టు నుండి మొదలుపెట్టడం లాభదాయకం. లినక్స్‌లోని ‘సిస్’ డైరెక్టరీలో ‘క్లాస్’, అందులో ‘డీఆర్‌ఎం’ అనే డైరెక్టరీ ఉంటుంది. అక్కడ ప్రతి పోర్టుకూ ఒక ఉపడైరెక్టరీ, దానిలో ‘స్టేటస్’ అనే ఫైలు కనిపిస్తాయి. ఆ ఫైలును చదవడానికి ప్రత్యేకాధికారం అక్కరలేదు. చదివినందువల్ల ఏదీ చెడదు. ఫలితాన్ని ఇలా అన్వయించుకోవాలి:

• ‘కనెక్టెడ్’ అని ఉంటే కింది మెట్లు సరిగానే ఉన్నాయి. లోపాన్ని డెస్క్‌టాప్ అమరికలో వెదకాలి.
• ‘డిస్‌కనెక్టెడ్’ అని ఉంటే కేబుల్, అడాప్టర్, పోర్టు, మానిటర్‌లను ముందుగా పరీక్షించాలి.
• ఆ పోర్టు పేరే లేకపోతే డ్రైవర్‌ను, బయోస్ అమరికను అనుమానించాలి.

ఈ ఒక్క పరీక్ష వెదకవలసిన పరిధిని బాగా తగ్గిస్తుంది.

4. కేబుల్, పోర్టు, అడాప్టర్ లోపాలు:
మానిటర్‌కు విద్యుత్తు అందుతోందా, దాని మెనూలో సరైన ఇన్‌పుట్ ఎంపికై ఉందా అన్నవి తొలి పరిశీలనలు. తరువాత అదే మానిటర్‌ను అదే కేబుల్‌తో మరొక కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. మానిటర్ ప్లగ్‌ను కొన్ని నిమిషాలపాటు తీసి పెట్టడం వల్ల కూడా నిలిచిపోయిన సంకేతం కొన్నిసార్లు తిరిగి వస్తుంది.

పాత మానిటర్లకు వీజీఏ మాత్రమే ఉండడం వల్ల అడాప్టర్ల సమస్య ఎదురవుతుంది. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. వీటి మధ్య సంకేతాన్ని మార్చే సర్క్యూట్ ఉన్న కన్వర్టర్ తప్పనిసరి. డిస్‌ప్లేపోర్టు నుండి హెచ్‌డీఎంఐకి వెళ్లే సాధారణ అడాప్టర్ ఒక దిశలోనే పనిచేస్తుంది. తిరగేసి తగిలిస్తే బొమ్మ రాదు. యూఎస్‌బీ–సీ ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ దృశ్యసంకేతాన్ని పంపలేదు. డిస్‌ప్లేలింక్ చిప్‌తో పనిచేసే యూఎస్‌బీ అడాప్టర్లకు ప్రత్యేక డ్రైవర్ అవసరం.

డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మరొక పొరపాటు జరుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కొన్ని మదర్‌బోర్డులు తమ సొంత పోర్టును నిలిపివేస్తాయి. ఒక మానిటర్‌ను కార్డుకు, మరొకదాన్ని మదర్‌బోర్డుకు తగిలిస్తే రెండోది కనబడదు. రెండింటినీ కార్డుకే తగిలించాలి. లేదా బయోస్‌లో అంతర్గత గ్రాఫిక్స్‌ను చేతనం చేయాలి.

5. డ్రైవర్ లోపాలు:
‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కమాండ్‌ను ‘కే’ ఐచ్ఛికంతో నడిపితే గ్రాఫిక్స్ కార్డును ఏ డ్రైవర్ నడుపుతోందో తెలుస్తుంది. డ్రైవర్ పేరు లేకపోతే కారణాలు ప్రధానంగా మూడు. మొదటిది, ఇన్‌స్టాల్ చేసే సమయంలో బూట్ వరుసలో చేర్చిన ‘నోమోడ్‌సెట్’ అనే పదం అలాగే మిగిలిపోవడం. ఇది ఉంటే డ్రైవర్ తన పూర్తి బాధ్యతను స్వీకరించదు. రెండవది, కెర్నల్ నవీకరణ తరువాత ఎన్విడియా మాడ్యూల్ కొత్త కెర్నల్‌కు అనుగుణంగా తయారు కాకపోవడం. గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకున్నప్పుడు మానిటర్ కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. మూడవది, సంతకం లేని మాడ్యూల్‌ను సెక్యూర్ బూట్ అడ్డుకోవడం. ‘మోక్‌యుటిల్’ కమాండ్‌తో దాని స్థితి తెలుస్తుంది.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్విడియా చిప్‌కే అనుసంధానమై ఉంటుంది. బ్యాటరీ పొదుపు కోసం ఇంటెల్ చిప్‌ను మాత్రమే ఎంచుకుంటే ఆ పోర్టు నిద్రాణమవుతుంది. అమరికను మార్చి రీబూట్ చేస్తే సరిపోతుంది.

6. డెస్క్‌టాప్ అమరిక లోపాలు:
కెర్నల్ ‘కనెక్టెడ్’ అంటున్నా తెర నల్లగా ఉంటే మానిటర్‌ను ఎవరూ వెలిగించలేదని అర్థం. నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లలో విండోస్ మీటను ‘పీ’ అక్షరంతో కలిపి నొక్కితే ప్రతిబింబం, విస్తరణ వంటి ఎంపికలు వస్తాయి. ఎక్స్ సెషన్‌లో ‘ఎక్స్‌రాండర్’ కమాండ్ పోర్టుల స్థితిని చూపుతుంది, మానిటర్‌ను వెలిగిస్తుంది. వేలాండ్ సెషన్‌లో ఆ కమాండ్‌కు కనిపించేది అనుకూలత కోసం ఏర్పరచిన పొర మాత్రమే. దాని ఫలితాన్ని బట్టి మానిటర్ లేదని నిర్ణయించడం సరికాదు. అక్కడ డెస్క్‌టాప్ సెట్టింగ్‌లనే ఆశ్రయించాలి. నోమ్‌లో పాత అమరిక అడ్డుపడుతుంటే ‘హోమ్’లోని ‘డాట్ కాన్ఫిగ్’ డైరెక్టరీలో ఉన్న ‘మానిటర్స్’ ఎక్స్‌ఎంఎల్ ఫైలు పేరు మార్చి, లాగౌట్ అయి మళ్లీ ప్రవేశించాలి.

7. పరిచయపత్రమే చెడినప్పుడు:
మానిటర్ ఆరోగ్యంగా ఉండి, కేబుల్ లేదా కన్వర్టర్ ఈడీఐడీని మోయలేకపోతే కెర్నల్ సందేశాలలో ఆ ప్రస్తావన కనిపిస్తుంది. ‘డీమెసేజ్’ కమాండ్‌తో వాటిని చదవవచ్చు. కేబుల్ మార్చడం ఉత్తమం. అది సాధ్యం కానప్పుడు గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ‘వీడియో’ అనే నిర్దేశంలో పోర్టు పేరును, రిజల్యూషన్‌ను, చివర ‘ఈ’ అక్షరాన్ని చేర్చాలి. సంకేతం రాకపోయినా ఆ పోర్టును చేతనంగా భావించమని కెర్నల్‌కు ఇచ్చే ఆజ్ఞ ఇది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే పరిమితం. ఫలించకపోతే రీబూట్‌తో పూర్వస్థితి వస్తుంది. ఫలించిన తరువాతనే శాశ్వతం చేయాలి.

8. ముగింపు:
• రెండో మానిటర్ కనబడకపోవడం ఒకే లోపం కాదు. సమాచారం నాలుగు మెట్లలో ఎక్కడైనా ఆగవచ్చు.
• కెర్నల్ చూపే స్థితిని ముందుగా చదివితే లోపం పైనుందో కిందనుందో తేలుతుంది.
• ఒకసారి ఒకే మార్పు చేసి, ఫలితాన్ని రాసుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.
• ఏ మార్పుకైనా ముందు పరిశోధన ఫైళ్ల నకలును వేరే డిస్క్‌లో భద్రపరచాలి.

పాఠపరిష్కర్త తప్పు పాఠం ఏ ప్రతిలో ప్రవేశించిందో తేల్చుకున్న తరువాతనే సవరణ చేస్తాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పరిశోధకులకు సుపరిచితమైన ఆ క్రమశిక్షణే యంత్రం విషయంలోనూ సరిపోతుంది. మెట్టు తెలిసిన తరువాత మరమ్మతు సాధారణంగా ఒక కేబుల్‌తోనో, ఒక అమరికతోనో ముగుస్తుంది. సేకరించిన పాఠాలు భద్రంగా ఉంటాయి.