పాత శీతలయంత్రములోని వాయువు

గదులను చల్లబఱచు పాత యంత్రముల రాగిగొట్టములలో తఱచుగా ఆర్-22 అను వాయువుండును. ఇది ఓజోను పొరకు హానికరము. భూమిని వేడిచేయుటలో, నూఱేండ్ల లెక్కను, బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,800 రెట్లు బలమైనది. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడిక ఇట్టి వాయువుల వాడుకను క్రమముగా తగ్గించుచున్నది.

గొట్టమును కోసినచో వాయువు వెలికుఱికి చర్మమును గడ్డకట్టించును. మూసిన గదిలో నేలమట్టమున పేరుకొని ఊపిరాడనీయదు. కావున నేర్పరియైన పనివాడు శీతలయంత్రమునకు విద్యుత్తు నాపి, కిటికీలు తెఱచి, చేతితొడుగులు ధరించి, రికవరీ యంత్రముతో వాయువును సిలిండరులోనికి లాగవలెను. సిలిండరును తూచుచు నూటికి 80 పాళ్లకు మించక నింపవలెను. వేడికి ద్రవము వ్యాకోచించునప్పుడు చోటు లేనిచో అది పగులును. వేఱువేఱు వాయువులను ఒకదానితో నొకటి కలుపరాదు.

విద్యార్థులారా! పాతయంత్రమును కొనవచ్చినవానిని "వాయువును దేనిలోనికి తీసెదరు?" అని అడుగుడు. గాలిలోనికి విడిచెదనన్నచో ఇయ్యవలదు.