రాజోలును ఏ సర్వే పట్టగలదు?

2019లో ఆంధ్రప్రదేశ్ అంతటా ఫ్యాను గాలి. 175 సీట్లలో 151 వైకాపాకి, 23 తెదేపాకి పోగా మిగిలిన ఒక్కటీ జనసేన ఖాతాలో పడింది. ఆ ఒక్కటే మన కోనసీమలోని రాజోలు. రాపాక వరప్రసాదరావు గెలిచింది 814 ఓట్లతో. లక్షన్నర దాకా ఓట్లు పోలైన చోట అది అర శాతం. ఆ ఫలితం సర్వే చేసి ముందే కనిపెట్టామని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకోండి. పద్ధతిగా ఎంచిన వెయ్యి మందిని అడిగినా అటో ఇటో మూడు శాతం తేడా రావచ్చు. నియోజకవర్గానికి రెండు వందల మందితో సరిపెడితే అది ఏడు శాతానికి పోతుంది.

ఆ రెండు వందల మంది ఎవరన్నది ఇంకో చిక్కు. అమలాపురం గడియార స్తంభం దగ్గర నిలబడితే దొరికేది పనిమీద టౌనుకొచ్చిన మగవాళ్లే ఎక్కువ. లంకల్లో కూలికెళ్లిన ఆడవాళ్లు దొరకరు. ఇంటికెళ్లి అడిగినా ఇంటాయన మాటే ఇంటిల్లిపాది మాటగా రాసుకుని వచ్చేస్తారు. పైగా మన వైపు ప్రశ్న అడిగేవాడికే ముందు పరీక్ష: "ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?" ఆ జవాబును బట్టి ఈ జవాబు. ఏదీ కుదరకపోతే "ఆయ్, మీకు తెలీందేముందండీ" అని మర్యాదగా సాగనంపుతారు. ఆ మర్యాదను ఏ గడిలో నింపాలో సర్వే కుర్రాడికి తెలీదు పాపం.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2015 ఎన్నికలప్పుడు బ్రిటన్ సర్వేలు పోటాపోటీ అన్నాయి. కన్సర్వేటివ్‌లకు మెజారిటీ వచ్చింది. అక్కడి సర్వే సంస్థలు నిపుణులతో విచారణ వేయించుకున్నాయి. మరుసటేడు నివేదిక వచ్చింది: అడిగిన మనుషుల ఎంపికే తప్పు, లేబర్ మద్దతుదారులు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా దొరికారు. మన దగ్గర అలాంటి పోస్టుమార్టం ఎవరు చేశారు? 2019లో అంచనా తప్పాక ఇక సర్వేల జోలికి రానని మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ చెప్పి తప్పుకోవడమే విడ్డూరంగా చూశాం.

ఎగ్జిట్ పోల్స్ వచ్చిన 2024 జూన్ 1 సాయంత్రం గుర్తుందా? ఆరా మస్తాన్ లెక్కలో వైకాపాకి 94 నుంచి 104. కేకే సర్వే లెక్కలో తెదేపా, జనసేన, భాజపా కూటమికి 161. మూడు రోజుల తర్వాత కూటమికి వచ్చినవి 164. కోనసీమలో ఏడుకు ఏడూ. కేకే పేరు మోగిపోయింది కానీ, వైకాపాకి అప్పుడూ దాదాపు 39 శాతం ఓట్లున్నాయి. 2019లో తెదేపాకీ అంతే. ఒకరికి 11 సీట్లు, ఇంకొకరికి 23. ఓటు శాతం పట్టుకున్నా సీట్లు చెప్పడం వేరే విద్య.

కొత్తపేట చూడండి. 2019లో బండారు అన్నదమ్ములు చెరో పార్టీలో నిలబడ్డారు. అన్న సత్యానందరావు తెదేపా, తమ్ముడు శ్రీనివాస్ జనసేన. చిర్ల జగ్గిరెడ్డి గెలిచారు. పొత్తు కుదిరిన 2024లో అన్న గెలిచారు. ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే సీటు అనే ఈ పద్ధతిని మనకు అప్పజెప్పిన బ్రిటన్‌లోనూ అంతే: మన ఫలితాలొచ్చిన సరిగ్గా నెల తర్వాత, జులై 4న, లేబర్ పార్టీ 34 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు పట్టుకుపోయింది.

నన్నడిగితే కోనసీమకు సర్వే అక్కరకొచ్చే సమయం ఎన్నికలది కాదు, 2022 మే నెల. ఏప్రిల్ 4న పుట్టిన జిల్లాకు అంబేడ్కర్ పేరు చేరుస్తామని ప్రభుత్వం ప్రకటించి, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమంది. అలా పిలిస్తే కాగితం పట్టుకుని కదిలేది ప్రధానంగా కాదనేవాళ్లే. ఔననేవాడు ఇంట్లోనే ఉంటాడు. గడువు తీరకుండానే, మే 24న, అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగింది. ఆ ఏడాదే పేరు ఖాయమైంది.

అడగడంలోనూ మెలిక ఉంది. "కోనసీమ పేరు మార్చాలా?" అంటే ఒక జవాబు, "కోనసీమ పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చాలా?" అంటే మరో జవాబు వస్తుంది. ఐరోపా సమాఖ్యలో కొనసాగాలా అని అవును-కాదు జవాబు అడగబోయిన బ్రిటన్, అది ఒక పక్షానికి మొగ్గుతోందని 2015లో ఎన్నికల సంఘం చెబితే, ఉండాలా, బయటికి రావాలా అని రెండు వైపులూ కనిపించేలా ప్రశ్నను మార్చుకుంది. మనదైతే గడువు పెట్టి అభ్యంతరాలు అడిగిన నోటిఫికేషన్.