పేరు కొట్టివేసినచో గుట్టు దాగునా?

బ్యాంకు, ఆసుపత్రి, బీమా సంస్థ - దేనికి పోయినను పేరు, పుట్టినతేదీ, చిరునామా అడిగి వ్రాసికొందురు. ఆ వివరములు సంస్థ పనికి అవసరమే. కాని అవి ఒక్కొక్కప్పుడు పరిశోధనకో, లెక్కలు కట్టుటకో ఇతరుల చేతికి పోవుచుండును. అట్టి సమయమున పేర్లు తీసివేసి ఇచ్చినచో ఎవరి గుట్టును బయటపడదని సంస్థలు తలచుట కద్దు. ఇది ఎంతవరకు నిజమో చిన్న లెక్కతో తేల్చవచ్చును.

గళ్ళ లెక్క

ఒక పిన్ కోడు పరిధిలో 30,000 మంది ఉన్నారనుకొందము. అందరును 80 సంవత్సరములలోపు వారే అనుకొనినచో, పుట్టుటకు వీలున్న తేదీలు 80 × 365, అనగా 29,200. ఒక్కొక్క తేదీకి స్త్రీలకు ఒకటి, పురుషులకు ఒకటి చొప్పున గళ్ళు గీసినచో మొత్తము 58,400 గళ్ళు ఏర్పడును. మనుషులకంటె గళ్ళే దాదాపు రెట్టింపు. కొన్ని గళ్ళలో ఇద్దరు ముగ్గురు పడుదురు; కొన్ని ఖాళీగా ఉండును. జననములు అన్ని తేదీలకును సమానముగా పంచబడినవనుకొనిన, సంభావ్యతా సూత్రము ప్రకారము నూటికి సుమారు 60 మంది తమ గడిలో ఒంటరిగా మిగులుదురు.

ఒంటరిగా ఉన్న మాత్రమున పేరు తెలియదు. కాని అవే మూడు వివరములు పేరుతో సహా ఉన్న మరియొక జాబితా దొరికినచో, రెండింటిని పక్కపక్కన పెట్టిన చాలును.

మసాచుసెట్స్‌లో జరిగినది

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి వివరములను, పేర్లు తీసివేసి, పరిశోధకులకు ఇచ్చిరి. పుట్టినతేదీ, స్త్రీపురుష భేదము, పోస్టల్ కోడు మాత్రము అందులో మిగిలినవి. 1997 ప్రాంతమున లటాన్యా స్వీనీ అను పరిశోధక విద్యార్థిని కేంబ్రిడ్జి నగరపు ఓటర్ల జాబితాను 20 డాలర్లకు కొని, ఈ వివరములతో సరిపోల్చెను. ఆ రాష్ట్రపు గవర్నరు విలియం వెల్డ్ ఆ నగరవాసి. ఆయన పుట్టినతేదీ గలవారు జాబితాలో ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆయన పోస్టల్ కోడునకు చెందినవాడు ఆయన ఒక్కడే. పేరు లేని వైద్య వివరములలో ఆయనవి ఏవో ఇట్లు తేలిపోయినవి.

1990 జనాభా లెక్కలను పట్టి, అమెరికనులలో నూటికి 87 మందిని ఈ మూడు వివరములతోనే గుర్తించుటకు వీలగునని స్వీనీ 2000లో అంచనా వేసెను. 2006లో ఫిలిప్ గోల్ అను పరిశోధకుడు 2000 జనాభా లెక్కలతో మరల గుణించి, 63 మంది అని తేల్చెను.

చట్టములు చెప్పునది

ఈ కారణము చేతనే చట్టములు పేరును మాత్రమే కాపాడి ఊరకొనవు. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుండి అమలైన సమాచార రక్షణ శాసనము ప్రకారము, పేరునకు బదులు సంకేతసంఖ్య వేసినను, ఇతర సమాచారముతో కలిపి మనిషిని గుర్తింప వీలున్నచో అది వ్యక్తిగత సమాచారమే. తీవ్రమైన ఉల్లంఘనకు 2 కోట్ల యూరోలు లేక సంస్థ ప్రపంచవ్యాప్త వార్షికాదాయములో నూటికి 4 వంతులు, ఏది ఎక్కువైన అంతవరకు జరిమానా వేయవచ్చును.

భారతదేశమున గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చినది; దాని నియమావళిని 2025 నవంబరులో ప్రకటించి, సంస్థల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చిరి. వివరములు ఎందుకు కోరుచున్నారో తెలుపు నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకొను వీలు కల్పింపవలెను. కావున తెలుగులో కోరవచ్చును. పని తీరిన పిమ్మట, ఉంచవలెనని వేరొక చట్టము చెప్పనిచో, వివరములను చెరిపివేయవలెను. తగిన భద్రత కల్పింపక వివరములు బయటికి పోనిచ్చిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా కలదు.

గడి పెద్దది చేయుట

వివరములను ఇతరులకు ఇచ్చునపుడు చేయదగిన ఉపాయము పై లెక్కలోనే ఉన్నది. పరిశోధనకు వయస్సు చాలినప్పుడు పుట్టిన తేదీ, నెల తీసివేసి సంవత్సరమే ఉంచవలెను. అప్పుడు గళ్ళు 80 × 2, అనగా 160 మాత్రమే. 30,000 మందిని వాటిలో సర్దినచో గడికి సగటున 187 మంది వత్తురు; ఒకరిని వేరుచేసి చూపుట కష్టమగును. అయినను ఒక గడిలోని వారందరికిని ఒకే రోగమున్నచో గుట్టు దాగదు. కావున దానిని కూడ పరిశీలింపవలెను.

ఈ లెక్కను తరగతిలోనే చేసి చూడవచ్చును. పిల్లలందరి పుట్టినరోజులను తేదీ, నెలతో సహా వ్రాసి, ఎందరికి జత ఉన్నదో లెక్కింపవలెను. పిమ్మట తేదీ కొట్టివేసి నెల మాత్రమే ఉంచి మరల లెక్కింపవలెను. ఒక్క వివరము తగ్గినంతనే ఎందరు గుంపులో కలిసిపోవుదురో విద్యార్థులకు కంటికి కనబడును. అడుగనక్కరలేని వివరమును అడుగకుండుటయే సమాచార రక్షణలో మొదటి మెట్టు.